పేరు కలవని రిపోర్టు: టెక్సాస్ సరిహద్దులో ఒక రొమ్ము క్యాన్సర్ కేసు

దక్షిణ టెక్సాస్‌లో, రియో గ్రాండ్ నదికి ఇవతలి ఒడ్డున హిడాల్గో కౌంటీ ఉంది. అక్కడ ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. గుంటూరులో చదువుకున్నాను. అమెరికాలో రెసిడెన్సీ అయ్యాక జే-1 వీసా వెయివర్ కోసం, డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలన్న షరతు మీద ఇక్కడికి వచ్చాను. మన తెలుగు డాక్టర్లు చాలామంది ఈ దేశంలో ఇలాంటి ఊళ్లలోనే మొదలుపెట్టారు. నా మూడేళ్లు ఎప్పుడో అయిపోయాయి, నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను.

ఈ కేసు పేషెంట్ అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి, మా వల్ల జరిగిన పొరపాట్లు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

మొదటిసారి చూసినప్పుడు

2023 నవంబరు. ఆమెకి అప్పుడు 45 ఏళ్లు. పుట్టింది నదికి అవతల, మెక్సికోలోని తమౌలీపాస్ రాష్ట్రంలో. ఇరవై ఏళ్లకి ముందే ఇటు వచ్చి, ఉల్లిపాయలు, నారింజలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేస్తోంది. భర్త ఇళ్లకి రూఫింగ్ పని చేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ ఇక్కడే పుట్టారు.

వాళ్లుండేది ఒక కొలోనియాలో. సరిహద్దు పొడవునా పొలాల్ని ముక్కలు చేసి, నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు ఏమీ లేకుండా వాయిదాల మీద అమ్మిన కాలనీలవి. ఈ ఒక్క కౌంటీలోనే వందల కొద్దీ ఉన్నాయి. జనాభాలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా హిస్పానిక్‌లు. దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం టెక్సాసే. పేదల కోసం ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ అయిన మెడికెయిడ్‌ని విస్తరించని రాష్ట్రాల్లో ఇదీ ఒకటి. ఆమెకీ ఇన్సూరెన్స్ లేదు. మా దగ్గర ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది కాబట్టి వచ్చింది.

ఆ రోజు ఆమె హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 11.2, బీపీ 168/100. నాకున్నది పదిహేను నిమిషాలు. షుగర్ మందులు, బీపీ మందులు, కాళ్ల పరీక్ష, కంటి డాక్టరుకి రిఫరల్. అన్నీ అయి లేచేటప్పుడు ఆమె ఒక మాట అడిగింది.

"డొక్తోరా, మా అక్కకి నది అవతల రేనోసాలో నలభై దాటగానే మామోగ్రాఫియా చేయించుకోమన్నారు. నాకు అవసరం లేదా?"

"ఇక్కడ యాభై నుంచి సెన్యోరా. ముందు మీ షుగర్ సంగతి చూద్దాం," అన్నాను.

ఆ జవాబు తప్పు. అప్పట్లో అమల్లో ఉన్న గైడ్‌లైన్ ప్రకారం చూసినా తప్పే.

నలభయ్యా, యాభయ్యా

అమెరికాలో ఫ్యామిలీ డాక్టర్లు ఎక్కువగా అనుసరించేది యూఎస్ ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ సిఫార్సుల్ని. 2009లోనూ 2016లోనూ అది చెప్పింది ఇదీ: 50 నుంచి 74 ఏళ్ల మధ్య రెండేళ్లకోసారి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), దీనికి బీ గ్రేడ్, అంటే చేయించమని. 40 నుంచి 49 మధ్య ఎవరికి వాళ్లు డాక్టరుతో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి, దీనికి సీ గ్రేడ్. సీ గ్రేడ్ అంటే "వద్దు" అని కాదు. ఇద్దరూ కూర్చుని లాభనష్టాలు మాట్లాడుకోమని. ఇన్సూరెన్స్ లేని, ఇంగ్లీషు రాని, షుగర్ అదుపులో లేని పేషెంట్ ముందు కూర్చున్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ సంభాషణే. మాలాంటి క్లినిక్‌లలో సీ గ్రేడ్ తెలియకుండానే "వద్దు" అయిపోతుంది.

దీంట్లో ఇంకో అన్యాయం కూడా ఉంది. టాస్క్ ఫోర్స్ 50 అన్నా, ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు 40 నుంచే మామోగ్రామ్‌కి పూర్తిగా డబ్బు కట్టాలని కాంగ్రెస్ చట్టంలో పెట్టింది. అందుకని ఇన్సూరెన్స్ ఉన్న ఆడవాళ్లకి ఏ గైడ్‌లైన్ ఏం చెప్పినా నలభైకే దారి తెరిచి ఉంది. ఇన్సూరెన్స్ లేని పేదవాళ్ల కోసం 1990 చట్టంతో మొదలైన జాతీయ రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కార్యక్రమంలో మాత్రం మామోగ్రామ్‌కి తొలి ప్రాధాన్యం చాలా ఏళ్లు 50 దాటినవాళ్లకే. దేశం ఒక్కటే, గైడ్‌లైన్ ఒక్కటే, కానీ డబ్బున్నవాళ్లకి ఒక వయసు, లేనివాళ్లకి ఇంకో వయసు.

మరి నదికి అవతల? మెక్సికో ప్రభుత్వ ప్రమాణం 2011 నుంచీ 40 నుంచి 69 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి మామోగ్రామ్ అనే చెబుతోంది. ఆమె అక్కకి అక్కడి నర్సు చెప్పింది అదే. మా పేషెంట్లు అక్కడి సలహా గుర్తుపెట్టుకుని ఇక్కడికి వస్తే, "అది అక్కడ, ఇక్కడ వేరు" అని నేనే వెనక్కి పంపాను.

వయసు విషయం హిస్పానిక్ మహిళల్లో ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మొత్తం మీద చూస్తే తెల్లజాతి మహిళల కంటే వీళ్లలో రొమ్ము క్యాన్సర్ తక్కువ. స్థానిక అమెరికన్ మూలాల నుంచి వచ్చిన ఒక జన్యు మార్పు కొంత రక్షణ ఇస్తుందని 2014లో వచ్చిన పరిశోధన చూపింది. ఈ "తక్కువ" అన్న మాటే చాలామంది డాక్టర్లని నిద్రపుచ్చింది. ఎందుకంటే అమెరికాలో హిస్పానిక్ మహిళల క్యాన్సర్ మరణాల్లో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. వచ్చినవాళ్లకి సగటున కొన్నేళ్లు ముందుగా వస్తోంది, బయటపడేసరికి ముదిరి ఉండటమూ ఎక్కువే. చిన్న వయసులో ఎక్కువగా వచ్చే చోట, యాభై దాకా ఆగమనే నియమం వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

2024 ఏప్రిల్ 30న టాస్క్ ఫోర్స్ తన సిఫార్సు మార్చింది: 40 నుంచి 74 వరకు అందరికీ రెండేళ్లకోసారి, బీ గ్రేడ్. నలభైల్లో ఉన్నవాళ్లలో ఈ క్యాన్సర్ 2015 నుంచి 2019 వరకు ఏటా సుమారు 2 శాతం చొప్పున పెరిగిందని, 40కే మొదలుపెడితే 50తో పోలిస్తే 19 శాతం ఎక్కువ ప్రాణాలు కాపాడవచ్చని లెక్క చూపింది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ మాట ఇంకోలా ఉంది: 40 నుంచి 44 మధ్య కావాలంటే చేయించుకోవచ్చు, 45 నుంచి 54 దాకా ఏటా, 55 తర్వాత రెండేళ్లకోసారి లేదా ఏటా. రేడియాలజిస్టుల సంస్థ అయితే 40 నుంచి ఏటా చేయాల్సిందే అంటుంది. మేం ఏది పాటిస్తున్నామో తర్వాత చెబుతాను.

అక్టోబరులో వచ్చిన వ్యాన్

కొత్త సిఫార్సు వచ్చిన నెల రోజుల్లోనే మా క్లినిక్‌లో 40 దాటిన పేషెంట్లందరి లిస్టు తీశాం. మా ప్రొమోతోరా ఈమెకి ఫోన్ చేసింది.

ప్రొమోతోరా అంటే మన ఆశా కార్యకర్తలాంటి మనిషి. అదే వీధుల్లో ఉంటుంది, అదే భాష మాట్లాడుతుంది, ఎవరి ఇంట్లో ఎవరికి బాగాలేదో ఆమెకి ముందే తెలుస్తుంది. టెక్సాస్‌లో వీళ్లకి ప్రభుత్వ సర్టిఫికెట్ కూడా ఉంది. మా ప్రొమోతోరాకి యాభై దాటాయి. చెల్లెలు రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఆమె ఫోన్ చేసి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

అక్టోబరులో బయటి సంస్థ ఒకటి నడిపే మామోగ్రామ్ వ్యాన్ మా పార్కింగ్‌లోకి వచ్చింది. షెడ్డులో పని ముగించుకుని ఆమె సాయంత్రం ఐదున్నరకి వచ్చి తీయించుకుంది. రిపోర్టు ఇదీ: ఎడమ రొమ్ము పైన బయటివైపు ఫోకల్ ఎసిమెట్రీ, అంటే ఒక చోట కణజాలం రెండోవైపు దానితో పోలిక లేకుండా కనిపించడం. మామోగ్రామ్ ఫలితానికిచ్చే గ్రేడు బైరాడ్స్ 0. రొమ్ము సాంద్రత సీ రకం, అంటే దట్టమైనది. ఆ భాగాన్ని నొక్కి మళ్లీ ఫిల్మ్, దాంతోపాటు అల్ట్రాసౌండ్ చేయమని సలహా.

బైరాడ్స్ 0 అంటే "ఏమీ లేదు" అని కాదు, "ఇంకా తేలలేదు" అని. సున్నా అనగానే మనసు హాయిగా అనుకునే అంకె అది. స్క్రీనింగ్ చేయించుకున్న వందమందిలో సుమారు పదిమందిని ఇలా మళ్లీ పిలుస్తారు. వాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కానీ మామోగ్రామ్‌కి దొరికే క్యాన్సర్ ఉన్నవాళ్లు కూడా ఆ పదిమందిలోనే ఉంటారు.

ఆ రిపోర్టు నేను నాలుగు నెలల దాకా చూడలేదు.

ఇంటిపేరు

ఏం జరిగిందో తర్వాత అంచెలంచెలుగా తెలుసుకున్నాం. స్పానిష్ సంప్రదాయంలో మనిషికి రెండు ఇంటిపేర్లుంటాయి. మొదటిది తండ్రి వైపుది, రెండోది తల్లి వైపుది. పెళ్లయినా మారవు. మా కంప్యూటర్‌లో ఆమె తండ్రి ఇంటిపేరుతో ఉంది. వ్యాన్‌లో ఫారం రాసుకున్న ఉద్యోగి, అమెరికన్ అలవాటు ప్రకారం చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుని తల్లి వైపు పేరు ఎక్కించాడు. పుట్టిన తేదీ రాసే చోట నెల, రోజు తారుమారయ్యాయి. మెక్సికోలో మనలాగే రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. రిపోర్టు మాకు ఫ్యాక్స్‌లో వచ్చింది. ఆ పేరుతో, ఆ తేదీతో మాకు పేషెంట్ ఎవరూ లేరు. "పేరు కలవనివి" అన్న ఫోల్డర్‌లో పడింది. ఆ ఫోల్డర్ ఎవరి పని అన్నది మా క్లినిక్‌లో ఎవరికీ అప్పజెప్పలేదు.

తెలుగువాళ్లకి ఈ బాధ కొత్త కాదు. ఇంటిపేరు ముందు రాసే మనం, అమెరికాలో దిగగానే బ్యాంకులో ఒక పేరు, లైసెన్సులో ఇంకో పేరు అయిపోయి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాం! నా మెడికల్ లైసెన్సు మీదే రెండుసార్లు పేరు దిద్దించుకున్నాను. అయినా నా పేషెంట్ విషయంలో అది నాకు తట్టలేదు.

ఇక ఆమెకి వెళ్లాల్సిన ఉత్తరం. 1992 నాటి మామోగ్రఫీ నాణ్యతా చట్టం ప్రకారం, ఫలితాన్ని మామూలు మాటల్లో రాసి నెల లోపు నేరుగా పేషెంట్‌కి పంపాలి. పంపారు. ఇంగ్లీషులో పంపారు. కొలోనియాలో ఇంటికి సరైన పోస్టుబాక్సు లేక ఆమె మరదలి అడ్రసు ఇచ్చింది. మూడు వారాలకి ఆమె చేతికొచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు బాగా చదివేది పదహారేళ్ల చిన్నకూతురు. ఆ ఉత్తరం నేను తర్వాత చూశాను. కరెంటు బిల్లుతోపాటు ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు పెట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో దాచుకుంది. దానిలో మొదటి పేరా రొమ్ము సాంద్రత గురించి. 2024 సెప్టెంబరు 10 నుంచి ప్రతి మామోగ్రామ్ సెంటరూ ఆ సంగతి చెప్పి తీరాలని ఎఫ్‌డీఏ నియమం పెట్టింది. రెండో పేరాలో మరిన్ని ఫిల్ములు కావాలని ఉంది. ఆ వెంటనే, ఇలాంటివి ఎక్కువగా ప్రమాదం లేనివే అయి ఉంటాయని ఉంది.

పిల్ల ఆ చివరి వాక్యాన్నే పట్టుకుంది. "కాసీ సియెంప్రే నో ఎస్ నాదా, మామీ." దాదాపు ఎప్పుడూ ఏమీ ఉండదట అమ్మా, అని. పదహారేళ్ల పిల్ల అమ్మకి ఇంకెలా చదివి వినిపిస్తుంది!

ఫిబ్రవరి

2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వం, ఆసుపత్రులు, బడులు, చర్చిల్లాంటి చోట్ల ఇమ్మిగ్రేషన్ అరెస్టులకి వీలైనంతవరకు దూరంగా ఉండాలన్న పాత విధానాన్ని రద్దు చేసింది. దానికి ముందే, 2024 నవంబరు 1 నుంచి, టెక్సాస్ గవర్నర్ ఆదేశం ప్రకారం ఆసుపత్రులు పేషెంట్లని ఇమ్మిగ్రేషన్ స్థితి అడగాల్సి వస్తోంది. జవాబు చెప్పకపోయినా వైద్యం ఆపరు. కానీ ఆ ప్రశ్న అడుగుతారన్న కబురు చాలు. మా వెయిటింగ్ రూమ్ ఆ నెలలో సగం ఖాళీ అయింది. షుగర్ మందులు అయిపోయినా జనం రాలేదు.

ఈమె కూడా రాకుండా ఉండేదే. ప్రొమోతోరా తన కారులో తీసుకొచ్చింది. దారిలో మాటల మధ్య, "కొమాద్రే, మామోగ్రామ్ సంగతి ఏమైంది? డాక్టరమ్మ ఏమంది?" అని అడిగిందట. "ఎవరూ ఫోన్ చేయలేదు, బాగానే ఉన్నట్టుంది," అంది ఆమె. ప్రొమోతోరా ఆమెని కూర్చోబెట్టి నేరుగా నా గదిలోకి వచ్చింది. ఇద్దరం కలిసి వెతికాం. పుట్టిన తేదీ తిరగేసి, తల్లి ఇంటిపేరుతో కొడితే దొరికింది.

ఆ కాగితం పట్టుకుని ఆమె ముందు కూర్చోవడం నాకు కష్టమైంది. చెప్పాను. ఫోటోలో ఒక చోట అనుమానం ఉందని, నాలుగు నెలల క్రితమే మాకు వచ్చిందని, మేం చూడలేదని, తప్పు మాదని. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, తన ఎడమ చేతిని పైకెత్తి చంకకి దగ్గర్లో చూపించి, "ఇక్కడేనా? నాకు డిసెంబరు నుంచి చిన్న బోలితా (ఉండ) తగులుతోంది. షెడ్డులో క్రేటు తగిలింది, ఆ దెబ్బ వల్ల అనుకున్నా," అంది.

దెబ్బ తగిలితే క్యాన్సర్ వస్తుందన్న నమ్మకం ఇక్కడ చాలా గట్టిది. దాన్ని కొట్టిపారేస్తే పేషెంట్ నోరు మూసుకుంటుంది. నేను సాధారణంగా చెప్పేది: దెబ్బ గడ్డని పుట్టించదు, కానీ దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టి చూసుకుంటాం కాబట్టి అప్పటిదాకా తెలియని గడ్డ అప్పుడు బయటపడుతుంది. ఆ రోజూ అదే చెప్పాను. పరీక్షిస్తే ఎడమవైపు రెండు గంటల స్థానంలో, అంచులు సరిగా దొరకని గట్టి గడ్డ. చంకలో ఏమీ తగల్లేదు.

ఎవరు కడతారు

గడ్డ తగిలిన క్షణం నుంచీ ఇది స్క్రీనింగ్ కాదు, రోగనిర్ధారణ. ఖర్చు లెక్కలు మొత్తం మారిపోతాయి. స్క్రీనింగ్ మామోగ్రామ్‌ని ఉచితంగా చేసేవాళ్లు అక్టోబరులో చాలామంది ఉంటారు. డయాగ్నోస్టిక్ ఫిల్ము, అల్ట్రాసౌండ్, బయాప్సీలకి డబ్బు వెతుక్కోవాలి.

జాతీయ కార్యక్రమం కింద టెక్సాస్ నడిపే పథకం ఒకటి ఉంది. ఇన్సూరెన్స్ లేక, ఆదాయం పేదరిక రేఖకి రెండింతల లోపు ఉన్న టెక్సాస్ నివాసులకి అది పరీక్షలన్నీ చేయిస్తుంది. పౌరసత్వం అడగదు. కావాల్సింది ఆదాయం రుజువు. భర్తకి కూలి నగదుగా ఇస్తారు. మేస్త్రీ చేత ఉత్తరం రాయించుకు రావడానికి పది రోజులు పట్టింది. అతను సంతకం పెట్టడానికి భయపడ్డాడు.

మార్చి మొదటి వారంలో అల్ట్రాసౌండ్‌లో 1.6 సెంటీమీటర్ల గరుకు అంచుల గడ్డ, బైరాడ్స్ 4సీ, అంటే క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉన్నట్టు. కోర్ బయాప్సీలో ఇన్వేజివ్ డక్టల్ కార్సినోమా (పాల నాళాల్లో పుట్టి చుట్టూ పాకే క్యాన్సర్), గ్రేడ్ 2. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు పాజిటివ్, హర్2 నెగటివ్, అంటే హార్మోన్ మందులకి లొంగే రకం.

ఆ తర్వాత వచ్చేదే ఈ వ్యవస్థలో నన్ను అన్నిటికంటే కలచివేసే చోటు. ఇలా క్యాన్సర్ తేలినవాళ్ల చికిత్స కోసం 2000లో వచ్చిన చట్టంతో ఒక ప్రత్యేక మెడికెయిడ్ ఉంది. దానికి పౌరసత్వమో, అర్హత ఉన్న ఇమ్మిగ్రేషన్ హోదానో కావాలి. పరీక్ష చేసి జబ్బు ఉందని చెప్పే పథకం ఆమెకి వర్తిస్తుంది. జబ్బుకి వైద్యం చేసే పథకం వర్తించదు. "అయితే ఎందుకు వెతికారు?" అని అడిగాడు ఆమె భర్త. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు.

పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు శాన్ ఆంటోనియోలోనూ హ్యూస్టన్‌లోనూ ఉన్నాయి. మా రియో గ్రాండ్ లోయ నుంచి ఉత్తరానికి వెళ్లే రెండు ముఖ్యమైన హైవేల మీద, ఫల్ఫూరియస్ దగ్గరా సరీటా దగ్గరా బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లున్నాయి. ప్రతి కారునీ ఆపి అడుగుతారు. కాగితాలు లేనివాళ్లకి అవి దాటరాని గోడలు. కాబట్టి చేసేదేదైనా ఇక్కడే చేయాలి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు పేదలకి ఆర్థిక సహాయ విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని ఫెడరల్ పన్ను చట్టంలో ఉంది. ఆ దారిలో వెళ్లాం. మా సోషల్ వర్కర్ ఆరు వారాలు ఫోన్ల మీద ఉంది.

మేలో గడ్డ వరకు తీసే సర్జరీ, చంకలో క్యాన్సర్ మొదట చేరే లింఫ్ గ్రంథుల్ని చూసే సెంటినెల్ నోడ్ పరీక్ష. గడ్డ 1.9 సెంటీమీటర్లు. తీసిన రెండు నోడ్‌లలోనూ క్యాన్సర్ లేదు. క్యాన్సర్ తిరగబెట్టే ప్రమాదాన్ని లెక్కగట్టే 21 జన్యువుల పరీక్షలో స్కోరు తక్కువ, 14, కాబట్టి కీమో అవసరం పడలేదు. తర్వాత 16 సిట్టింగుల రేడియేషన్, ఇప్పుడు రోజూ టామోక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర. ఆ మందు చవక. రేడియేషన్ సెంటరుకి వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై. కాగితాలు లేకపోతే టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు. పదహారు రోజులూ పెద్దకూతురే తన పని షిఫ్టు మార్చుకుని తీసుకెళ్లింది.

నాలుగు నెలల ఆలస్యం వల్ల ఆమెకి ఎంత నష్టం జరిగిందో ఒక్క కేసు చూసి చెప్పలేం. నోడ్‌లు శుభ్రంగా ఉన్నాయి. అది మా గొప్పతనం కాదు.

జన్యు పరీక్ష

50 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి వంశపారంపర్య జన్యు పరీక్ష చేయాలన్నది అమెరికాలో అందరూ ఒప్పుకున్న సలహా. ఇన్సూరెన్స్ లేనివాళ్ల విషయంలో ఇదే ఎక్కువగా మరుగున పడుతుంది. మెక్సికో మూలాలున్నవాళ్లలో, లోపం ఉంటే రొమ్ము క్యాన్సర్ ప్రమాదం పెంచే బీఆర్‌సీఏ1 జన్యువులో పెద్ద ముక్క ఊడిపోయే మార్పు ఒకటి పదే పదే కనిపిస్తుంది. చిన్న అక్షర దోషాల్ని మాత్రమే వెతికే పరీక్షకి అది దొరకదు. పెద్ద మార్పుల్ని కూడా పట్టే ప్యానెల్ చేస్తున్నారో లేదో అడిగి మరీ పంపాను.

బీఆర్‌సీఏ నెగటివ్ వచ్చింది. ఏటీఎమ్ అనే జన్యువులో మాత్రం "అర్థం తేలని మార్పు" ఉందని రాశారు. పోల్చి చూసే జన్యు సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవాళ్లది కాబట్టి, హిస్పానిక్‌లకీ మన ఆసియావాళ్లకీ ఇలా తేలనివి ఎక్కువగా వస్తాయి. మన తెలుగు కుటుంబాల్లోనూ ఈ రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లున్నారు. అలాంటి ఫలితాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రొమ్ము తీయించుకోవడం లాంటివి అసలే కాదు. కుటుంబ చరిత్రని బట్టే ముందుకు వెళ్లాలి. ఈమెకీ అదే చెప్పాను, మూడుసార్లు చెప్పాను.

మేం మార్చుకున్నవి

అన్నిటికంటే ముందు పేరు. రెండు ఇంటిపేర్లూ రాస్తాం, పుట్టిన నెలని అంకెతో కాకుండా అక్షరాల్లో రాస్తాం. వ్యాన్ వాళ్ల ఫారం మా వాళ్లే నింపి ఇస్తారు. పేరు కలవని రిపోర్టుల ఫోల్డర్ రోజూ మధ్యాహ్నం ఒక నర్సు తెరిచి ఖాళీ చేస్తుంది. ఆమె సెలవు పెడితే ఎవరు చేయాలో కూడా రాసి ఉంది.

రెండోది లాగ్ పుస్తకం. వ్యాన్ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక వరుస. ఫోటో తీసిన తేదీ, ఫలితం వచ్చిన తేదీ, ఆమెతో స్పానిష్‌లో నోటితో మాట్లాడిన తేదీ, మళ్లీ పిలిస్తే ఆ పరీక్ష పూర్తయిన తేదీ. ఉత్తరం పంపామన్నది ఆ లాగ్‌లో లెక్కలోకి రాదు. పదో రోజుకి ఫలితం రాకపోతే మేమే ఫోన్ చేస్తాం. పిల్లల చేత చదివించం.

మూడోది డబ్బు. ఇది చాలామందికి అతిగా అనిపించవచ్చు, నాకు మాత్రం ఇదే కీలకం. మళ్లీ పిలిస్తే ఎవరు కడతారో ముందే తేల్చుకోకుండా ఎవరినీ వ్యాన్ ఎక్కించం. పథకం దరఖాస్తు, ఆదాయం కాగితాలు స్క్రీనింగ్ రోజుకే సిద్ధంగా ఉండాలి. దీనివల్ల ఒక్కో వ్యాన్‌కి తక్కువమందిని చూడగలుగుతున్నాం. ఎక్కువమందికి ఫోటోలు తీశామని పోస్టరు వేసుకోవడం తేలికే. కానీ ఫోటో తీసి వదిలేస్తే అది ఆమెకి స్క్రీనింగ్ జరిగినట్టు కాదు.

ఏటా చేయాలా, రెండేళ్లకోసారా అన్నదానికి నా జవాబు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మామూలు రిస్క్ ఉన్నవాళ్లకి 40 నుంచి రెండేళ్లకోసారి చేస్తున్నాం. ఏటా చేస్తే కొన్ని క్యాన్సర్లు ముందు దొరుకుతాయి, అనవసరంగా మళ్లీ పిలవడాలు కూడా పెరుగుతాయి. మాకున్న వ్యాన్ స్లాట్లు పరిమితం. ఒకామెకి రెండోసారి తీసే బదులు, ఎప్పుడూ తీయించుకోని ఇంకొకామెకి మొదటిసారి తీసి, చివరి మెట్టు దాకా తోడు వెళ్లడమే మేలని నా అభిప్రాయం. ఇన్సూరెన్స్ ఉండి, ఏటా చేయించుకోగలిగిన పేషెంట్ అడిగితే కాదనను. ముప్పై లోపే కుటుంబ చరిత్ర అడిగి రిస్క్ ఎక్కువున్నవాళ్లని విడదీయడం మాత్రం అందరికీ చేస్తున్నాం. దానికి మెషీన్ అక్కర్లేదు, ఐదు ప్రశ్నలు చాలు.

ఇది చదివి "మా అమ్మకీ నలభై నుంచి మామోగ్రామ్ చేయించాలా?" అని మన ఊళ్ల నుంచి అడిగేవాళ్లుంటారు. అమెరికా గైడ్‌లైన్‌ని తెచ్చి మన పల్లెల మీద పెట్టలేం. భారత ప్రభుత్వ కార్యక్రమం 30 దాటిన ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో పరీక్షించాలని చెబుతుంది. టాటా మెమోరియల్ వాళ్లు ముంబైలో లక్షన్నర మందికి పైగా మహిళలతో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. రెండేళ్లకోసారి ఇలా చేత్తో పరీక్షిస్తే జబ్బు ముందు దశలో దొరికింది. 50 దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. కాబట్టి మీ పీహెచ్‌సీలో పరీక్ష చేస్తామంటే సిగ్గుపడకుండా వెళ్లమని చెప్పండి. అమ్మానాన్నల్ని అమెరికా తీసుకొచ్చేవాళ్లకి ఇంకో మాట: విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా స్క్రీనింగ్‌కి డబ్బు కట్టవు. మామోగ్రామ్ చేయించాలనుకుంటే విమానం ఎక్కకముందే చేయించండి.

కూతుళ్లు

ఆగస్టులో ఆమె ఇద్దరు కూతుళ్లనీ వెంటబెట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల నా కళ్లలోకి చూడలేదు. ఉత్తరం తనే తప్పు చదివానని ఆ పిల్ల మనసులో ఉంది. వాళ్లమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదట. ఆ ఉత్తరం తీసి టేబుల్ మీద పెట్టి, ఆ వాక్యం కింద గీత గీసి, "నువ్వు సరిగ్గానే చదివావు. ఇక్కడ ఉన్నది అదే. నీ చేత చదివించాల్సింది కాదు, మేం ఫోన్ చేయాల్సింది," అని చెప్పాను. పిల్ల ఏడ్చింది. కాసేపు అలాగే కూర్చున్నాం.

తల్లికి 46లో తేలింది కాబట్టి కూతుళ్లకి నలభై దాకా ఆగం. పదేళ్లు ముందు, అంటే 36కి మొదలు. పెద్దమ్మాయికి ఇప్పుడు 22, ఆమెది 2039లో. ఇద్దరి ఫైళ్లలోనూ రాసి పెట్టాం, రెండు ఇంటిపేర్లతో. చిన్నపిల్ల తన ఫోన్ క్యాలెండర్‌లో కూడా పెట్టుకుంటానంది.

ఈ వారం లాగ్‌లో రెండు వరుసలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఇద్దరివీ బైరాడ్స్ 0. ఒకామె మామిడిచెట్టు ఉన్న ఇల్లని గుర్తు చెప్పింది కానీ ఫోన్ స్విచాఫ్ వస్తోంది. రెండో ఆమె పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లిందంటున్నారు. శనివారం ప్రొమోతోరా ఆ మామిడిచెట్టు ఇంటికి వెళ్తోంది. తోడుగా ఈ పేషెంట్ కూడా వస్తానంది.